ఛాయాచిత్రకారుడు రాజా దీనదయాళు

కృష్ణాతీరవాసులకు డొక్కల కరవును గూర్చి క్రొత్తగా చెప్పవలసిన పని లేదు. నందననామ సంవత్సరమున, అనగా 1832-33లో, గుంటూరు మండలమును దగ్ధము చేసిన ఆ క్షామమున ఐదు లక్షల జనములో లక్షన్నర మొదలు రెండు లక్షలవరకు నశించిరని లెక్కలు చెప్పుచున్నవి. దారుల ప్రక్కల పడియుండిన ఎముకలను బట్టియే దానికి ఆ పేరు వచ్చెనని పెద్దలందురు. బెజవాడయొద్ద 1852లో ప్రారంభమై 1855లో ముగిసిన ఆనకట్టకు ప్రేరకములైన కారణములలో ఆ కరవు ఒకటి. కాని ఆనాడు మరణించినవారిలో ఒక్కని ముఖమునైనను మనము నేడు చూడజాలము. ఛాయాచిత్రణవిద్య లోకమునకు వెల్లడియైనది 1839లో, ఫ్రాన్సు దేశమున. అప్పటికి మన కరవు గడచి ఆరేండ్లయ్యెను. మృతుల లెక్క మిగిలినది గాని ముఖము మిగులలేదు.

అరువదియేండ్లకు పైగా గడచిన పిమ్మట దక్కను పీఠభూమిలో మరల క్షామము వచ్చెను. ఈ పర్యాయము సికిందరాబాదునుండి వచ్చిన ఛాయాచిత్రకారులు ఔరంగాబాదు జిల్లాలో నిజాము ప్రభుత్వము జరిపించిన క్షామనివారణ కార్యములను గాజుపలకలపై చిత్రించిరి. ఆనాటి నిరుపేదల ముఖములు నేటికిని మనవైపు చూచుచున్నవి. ఆ చిత్రములను తీయించిన సంస్థకు అధిపతి రాజా దీనదయాళు. ఆయన చరిత్రమును సంగ్రహముగ పాఠకులకు నివేదింపదలచితిమి. ప్రభువుల కొలువున బ్రతికిన ఒక వృత్తినిపుణుని పని ప్రజల చరిత్రకెట్లు సాక్ష్యమైనదో తెలిసికొనుటకు ఈ చరిత్రమొక చక్కని నిదర్శనము.

దీనదయాళుగారు 1844లో మీరటు సమీపముననున్న సర్ధనా గ్రామమున ఒక జైన కుటుంబమున జన్మించిరి. రూర్కీలోని థామసన్ కళాశాలలో ఇంజనీరింగు విద్య నభ్యసించి 1866లో పూర్తిచేసిరి. ఆ వెంటనే ఇందూరు నగరమున ప్రభుత్వ నిర్మాణశాఖ కార్యాలయమున అంచనాలు వేయుటకును నక్షాలు గీయుటకును ఉద్యోగమున చేరిరి. గోడ యెత్తు, కమాను వెడల్పు, స్తంభముల ఎడము కొలిచి కాగితముపై నిలుపుట ఆయన నిత్యకృత్యము. ఈ అలవాటు ఆయనకు తుదివరకు ఉపకరించినది. ఆయన తీసిన కట్టడముల చిత్రములను చూచువారికి అవి నక్షాలు గీచిన చేతి పనియని తోచక మానదు. స్తంభములు నిటారుగ నిలుచును. ద్వారము ఎంత ఎత్తో తెలియుటకై ప్రక్కన మనుష్యుడు నిలువబడియుండును.

ఆయన ఛాయాచిత్రణమును చేపట్టినది 1874 ప్రాంతమున. అప్పటికి ముప్పది యేండ్ల వయస్సు. చేతిలో స్థిరమైన ప్రభుత్వోద్యోగము. ఆనాడు ఈ వృత్తి నేటివలె చేతిలోని యంత్రమును నొక్కుటతో తీరునది కాదు. గాజుపలకపై కొలోడియన్ అను జిగురుద్రవమును సమముగ పారించి, వెండి కరగిన ద్రావణమున ముంచి, తడి ఆరకముందే కెమేరాలోనుంచి చిత్రము తీసి, వెంటనే చీకటిగుడారములోనికి గొనిపోయి దానిని కడుగవలెను. కొలదినిమిషములు ఆలస్యమైనను పలక వ్యర్థమగును. పటములను పెంచి ముద్రించుకొను సౌకర్యము సామాన్యముగ లేనందున, ఎంత పటము కావలెనో అంత గాజుపలకనే వాడవలెను. కనుక ఒక కోటను చిత్రింపబోవువాడు పెట్టెలకొలది గాజును, మందుసీసాలను, గుడారమును, నీటికుండలను బండ్లపైనను కూలీల తలలపైనను మోయించుకొని పోవలసియుండెను. తిరుగుదారిలో బండి ఒక్కమారు కుదిపినచో వారముల శ్రమ ముక్కలయ్యెడిది. 1880 తరువాత పొడిపలకలు వాడుకలోనికి వచ్చి ఈ కష్టము కొంత తగ్గెను. అయినను పలకల బరువు తగ్గలేదు.

అట్టి వృత్తిలో నాడు పేరుగన్నవారు అధికముగ ఐరోపావారే. కలకత్తాలోని బోర్న్ అండ్ షెపర్డ్ సంస్థవంటివి రాజప్రతినిధులను, సంస్థానాధీశులను తమ ఖాతాదారులుగ జేసికొనియుండెను. ఈ రంగమున ఒక భారతీయుడు వారితో సమానముగ నిలువవలెనన్న పనితనము ఒక్కటియే చాలదు, ఆశ్రయము కూడ కావలెను. ఇందూరు మహారాజగు రెండవ తుకోజీరావు హోల్కరు దీనదయాళుగారిని మొదట ఆదరించెను. మధ్యభారతమున గవర్నరు జనరలు ప్రతినిధిగ నుండిన సర్ హెన్రీ డేలీ ప్రోత్సహించెను. డేలీ తరువాత ఆ పదవికి వచ్చిన సర్ లెపెల్ గ్రిఫిన్, 1882లో బుందేలుఖండ ప్రాంతమునకు తాను వెడలిన యాత్రకు ఆయనను వెంటగొనిపోయెను. ఆ యాత్రలలో తీసిన చిత్రములతో మధ్యభారతమునందలి ప్రసిద్ధ కట్టడములను గూర్చిన గ్రంథము 1886లో వెలువడెను. గ్వాలియరు కోట, సాంచీ స్తూపము మొదలగునవి అందు కలవు. శిథిలములై, చెట్టుచేమలు మొలచి, రాయి రాయి ఊడుచుండిన కట్టడములు ఆనాటికెట్లుండెనో తెలుపుటకు అట్టి చిత్రములు ఏ వర్ణనకంటెను నమ్మదగిన ఆధారములు.

1885లో రాజప్రతినిధి డఫరిన్ ప్రభువు ఆయనను తన ఛాయాచిత్రకారునిగ నియమించెను. పిమ్మట విక్టోరియా రాణి ఆస్థాన ఛాయాచిత్రకారుడను గౌరవమును లభించెను. ఆయన ప్రభుత్వోద్యోగమునకు సెలవు పెట్టి, తుదకు దానిని విడిచి, ఈ వృత్తికే జీవితమును ధారపోసిరి. నెలజీతము నమ్ముకొని గౌరవముగ బ్రతుకుచున్న మధ్యవయస్కుడు కుటుంబభారముతో ఇట్టి సాహసమునకు దిగుట సామాన్యము కాదు. మన పట్టణములలో ఉద్యోగమే ఉత్తమగతియని నమ్ముకొన్నవారు ఈ విషయమును గమనింతురుగాక.

ఆయన జీవితమున తెలుగు గడ్డతోడి సంబంధమిచ్చటనే మొదలగుచున్నది. ఆరవ నిజాము మీర్ మహబూబ్ అలీఖాను 1884లో పూర్ణాధికారములను స్వీకరించెను. అటుపిమ్మట 1885 ప్రాంతమున దీనదయాళుగారు ఆయన ఆస్థానమున ఛాయాచిత్రకారులైరి. 1886లో సికిందరాబాదున స్టూడియోను నెలకొల్పిరి. ఉత్తరహిందూస్థానమున పుట్టి, మాళవమున పేరుగాంచిన ఆయన తన ప్రజ్ఞ పరిపక్వమైన సంవత్సరములను మన తెలుగువారి నడుమనే గడపిరి. ఆ కాలముననే నిజాము రైలుమార్గము వరంగల్లును దాటి ముందుకు సాగి 1889లో బెజవాడను చేరినది. హైదరాబాదునకును కృష్ణాతీరమునకును నడుమనుండిన దినములకొలది ప్రయాణము గంటలలోనికి వచ్చినది. సికిందరాబాదు మనకు దూరపుటూరు కాకపోయినది.

హైదరాబాదున ఆయన చేసిన పని విస్తారము. నిజాము దర్బారులు, వేట విడుదులు, సైనిక విన్యాసములు, విందులు, రాజభవనముల లోపలి అలంకరణములు, దొరలు, దివానులు, అమీరులు, అన్నియు ఆయన పలకలకెక్కినవి. 1892లో ఆయన చేసిన మరియొక ఏర్పాటును ప్రత్యేకముగ చెప్పవలెను. ఘోషాస్త్రీలు పరపురుషునియెదుట కూర్చుండి ఫొటో తీయించుకొనుటకు ఆనాటి ఆచారము ఒప్పుకొనలేదు. అందుచేత ఆయన స్త్రీలకొరకే వేరొక స్టూడియో నిర్మించి, ఎత్తయిన గోడలతో చాటుచేసి, దాని నిర్వహణమును శ్రీమతి కెన్నీ లెవిక్ అను ఆంగ్లేయవనిత కప్పగించిరి. ఆచారమును ధిక్కరింపక, దానికి తలయొగ్గి ఊరకుండక, నడిమి మార్గమును వెదకుటయందు ఆయన నేర్పరితనము కానవచ్చుచున్నది. వంశవృక్షములలో పేరైనను నోచుకొనని స్త్రీలకు ఈ ఏర్పాటువలన తమ రూపమును నిలుపుకొను అవకాశము కలిగెను.

1893లో చికాగో నగరమున జరిగిన ప్రపంచప్రదర్శనమున ఆయన చిత్రములకు బహుమానము లభించెను. 1894లో నిజాము ఆయనకు రాజా ముసవ్విర్ జంగ్ బహదూర్ అను బిరుదు నొసగెను. ముసవ్విర్ అనగా చిత్రకారుడు. జంగ్ అనునది యోధుల కొసగు బిరుదమాట. కత్తిపట్టి ఎరుగని మనుష్యునకు కెమేరా పట్టిన చేతికై వీరబిరుదము దక్కినది. 1896లో బొంబాయిలో మరియొక స్టూడియో వెలసినది. కుమారులగు జ్ఞానచందు, ధర్మచందు తండ్రికి తోడ్పడిరి. 1903 ఢిల్లీ దర్బారును చిత్రించుటకును ఆయన సంస్థ వెడలెను.

ఇంతవరకు చెప్పినది కీర్తి. ఇక విచారింపవలసిన సంగతి యొకటి కలదు. ఈ చిత్రములన్నియు ప్రభువుల సొమ్ముతో, ప్రభువులను మెప్పించుటకై తీసినవే గదా, వీనిని చరిత్రకు సాక్ష్యములని నమ్మవచ్చునా యని కొందరు ప్రశ్నింతురు. ప్రశ్న న్యాయమైనదే. ఆయన మిగిల్చిన పటములలో దర్బారులు, వేటలు కనబడినంతగ దుక్కిటెద్దులును, కుప్పనూర్పిళ్లును కానరావు. రైతు ఆయనకు కూలి నిచ్చి పిలువలేదు. పిలువనివాని ఇంటికి ఆయన పోలేదు. దీనిని దాచవలసిన పనిలేదు.

కరవు చిత్రములనే తీసికొందము. 1895 మొదలు 1902 వరకు నిజాము ప్రభుత్వము జరిపించిన సత్కార్యములను లోకమునకు చూపుటకై ఆ చిత్రములు తీయబడినవి. అందు చూపదలచినది ఆకలి కాదు, ఆకలిగొన్నవారికి జరుగుచున్న సహాయము. బారులు తీరి నిలిచిన జనము, ప్రక్కన అధికారులు, అంతయు క్రమముగ నున్నట్లు కనబడును. సహాయమందనివారు ఆ పటములలో లేరు. దారిలోనే పడిపోయినవారును లేరు. కావున ఈ చిత్రములు కరవును గూర్చిన సంపూర్ణసత్యమని ఎవరైన చెప్పినచో మేము సమ్మతింపము.

కాని వీనికి ముందు మన దక్షిణదేశముననే జరిగిన మరియొక సంగతిని తలచుకొనవలెను. 1876-78లో చెన్నరాజధానిని పీడించిన మహాక్షామమున హూపరు అను సైనికోద్యోగి ఎముకలగూళ్లైన స్త్రీపురుషులను, శిశువులను వరుసగ కూర్చుండబెట్టి చిత్రములు తీసెను. ఆ చిత్రములలో ఆకలి భయంకరముగ కన్పట్టును. అయితే ఆయన వారిని చిత్రించి, వారికి తగిన సహాయము చేయక పంపివేసెనన్న నింద ఆయనపై పడినది. ఒకచోట ఆకలి నగ్నముగ కనబడినను దయ కానరాకున్నది. మరియొకచోట దయ ప్రదర్శింపబడినను ఆకలి ఒక ప్రక్కకు ఒదిగినది. ఏది మేలన్న తీర్పు సులభము కాదు. బాధపడువానియెదుట కెమేరా నిలుపువాడు ఎవరికొరకు నిలుపుచున్నాడన్న ప్రశ్న నాటిది మాత్రమే కాదు. నేటి పత్రికలవారికిని అదే ప్రశ్న.

అయినను గాజుపలకకు ఒక గుణము కలదు. అది యజమాని కోరినదానిని మాత్రమే గ్రహింపదు, ఎదుటనున్నదానినెల్ల గ్రహించును. ఆస్థానకవి తాను పొగడదలచినవానిని పొగడి తక్కినవారిని విడువవచ్చును. కెమేరా అట్లు విడువజాలదు. ప్రభువును చూపుటకై తీసిన పటమున ఆయన వెనుక నిలిచిన సేవకుని ముఖమును కూడ చేరును. అధికారి దయను చూపుటకై తీసిన పటమున అన్నముకొరకు నిలిచిన తల్లి చేతిసన్నదనమును కూడ చేరును. చిత్రము తీయించినవాని ఉద్దేశ్యము కాలక్రమమున మరుగుపడును. ఆ చేయి మాత్రము మిగులును. ఆ కారణముననే దీనదయాళుగారి పని ఆయన యజమానుల ఆవశ్యకతను మించి నిలిచినదని మా యభిప్రాయము.

ఆయన కడపటి దినములు సుఖముగ గడువలేదు. కుమారుడు ధర్మచందు 1904లో మరణించెను. మరుసటి సంవత్సరము 1905 జూలై 5వ తేదీన దీనదయాళుగారు బొంబాయిలో కాలధర్మము నొందిరి. జ్ఞానచందు సంస్థను కొనసాగించెను గాని కాలము మారుచుండెను. చిన్న కెమేరాలు వచ్చి, ఎవరి చిత్రమును వారే తీసికొను దినములు సమీపించినవి. గాజుపలకలు పెట్టెలలో మిగిలిపోయినవి.

ఆ పెట్టెలను చెత్తయని పారవేయక కాపాడినందువల్లనే నేడు ఆయన పేరు నిలిచియున్నది. 1989లో ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రము ఆ స్టూడియోకు చెందిన 2,857 గాజుపలకలను సేకరించెను. 2006లో భారతప్రభుత్వము ఆయన స్మారకముగ తపాలాబిళ్ల వెలువరించెను. శతాబ్దమునకు మించిన వయస్సుగల గాజు, ఎన్ని చేతులు మారినను పగులకుండ ఢిల్లీ చేరుట కొంత అదృష్టమే. చేజారి పగిలినది ఒక పలకయైనను మరల తీయుటకు నాటి సూర్యరశ్మి గాని, నాటి మనుష్యులు గాని లేరు.

చిత్రములను భద్రపరచుట వృథావ్యయమని తలచినప్పుడేమగునో మన కృష్ణాతీరపు కథయే తెలుపుచున్నది. అమరావతి స్తూపశిల్పములను 1845లో వాల్టరు ఎలియట్ త్రవ్వించి చెన్నపట్టణమునకు చేర్చెను. 1858లో చెన్నరాజధాని ప్రభుత్వ ఛాయాచిత్రకారుడగు లిన్నేయస్ ట్రైప్ అచ్చటి వస్తుప్రదర్శనశాలలో వానిని వరుసగ చిత్రించెను. మరుసటి సంవత్సరమే ఆ శిల్పములు ఓడకెక్కి లండను చేరెను. రాళ్లు మన తీరమును విడుచునప్పటికెట్లుండెనో నేడు మనకు చూపుచున్నవి ఆ చిత్రములే. ఐనను అట్టి ఉద్యోగము ధనికుల విలాసమువంటిదని ఎంచి ప్రభుత్వము 1860లో దానిని ముగించెను. ఆ పని మరి పదియేండ్లు సాగియుండినచో, ఆనకట్ట కట్టిన క్రొత్తలో మన డెల్టా ఎట్లుండెనో చూచు భాగ్యము మనకు కలిగియుండెడిదేమో!

దీనదయాళుగారి చరిత్రము నుండి మన మండలవాసులు గ్రహింపవలసినది ఇచ్చటనే యున్నది. మన గ్రామములలో భూకామందుల ఇండ్ల భోషాణములలోను, పట్టణములలో పాత ఫొటో స్టూడియోల అటకలపైనను పటములు, గాజుపలకలు నేటికిని పడియున్నవి. పెండ్లిపటము వెనుక గోడయున్నది. ఆ గోడ ప్రక్కన గాదె యున్నది. గాదెయొద్ద పాలేరు నిలుచున్నాడు. తాతగారి రూపమునకై మనము దాచుకొన్న పటము రేపటి చరిత్రకారునికి ఆ గాదెను, ఆ పాలేరును చూపును. కాని మన నేల తేమ నేల. చెదలు, బూజు, వరద, తుపాను ఒకదానివెంట నొకటి వచ్చును. 1977 నవంబరు 19న దివిసీమను ముంచిన ఉప్పెన వేలకొలది ప్రాణములతోపాటు ఎన్నో యిండ్లను సమూలముగ గొనిపోయెను. చనిపోయినవారి ముఖమును చూపుటకు ఇంట ఒక పటమైనను మిగులని కుటుంబముల దుఃఖమెట్టిదో చెప్పనక్కరలేదు.

చేయవలసిన పని పెద్దది కాదు. పటము వెనుక మెత్తని పెన్సిలుతో పేర్లు, ఊరు, సంవత్సరము వ్రాయవలెను. ఇంటి పెద్దలు జీవించియుండగనే ఎవరెవరో అడిగి తెలిసికొనవలెను. ఆ సేవకుని పేరును కూడ అడుగవలెను. గాజుపలకలను తడిగుడ్డతో తుడువరాదు. ఒక్కొక్కదానిని కాగితమున చుట్టి, ఒకదానిపై నొకటి పేర్చక, అంచుపై నిలువుగ పొడిచోట ఉంచవలెను. వానికి ప్రతులు తీయించి ఒకటి గ్రామ గ్రంథాలయమునకిచ్చుట మరింత మేలు. గ్రంథాలయోద్యమమునకు పుట్టినిల్లైన మన మండలములకు ఇది అసాధ్యమని మేము తలపము.

దీనదయాళుగారు ప్రభువుల కొలువున నుండియు ప్రజల జాడను మిగిల్చిరి. మనకు ప్రభువులు లేరు. మన ఇంటి పెట్టెకు మనమే యజమానులము. దానిని ఈ వేసవిలోనే, వానలు పడకమునుపే, తెరచి చూడవలెనని పాఠకులను కోరుచున్నాము.